పొగకి ఇంగ్లీషు నేర్పిన టీచరమ్మ

అమెరికాలో ఇంగ్లీషు రానివాళ్లకి కష్టాలుండవు. ఉన్నవన్నీ లాంగ్వేజ్ ప్రాబ్లమ్సే. శాంటా క్లారాలో సర్క్యూట్ బోర్డులు చేసే ఒక కంపెనీ 1983లో ఈ సత్యాన్ని కనిపెట్టి, దానికో ఫారం కూడా అచ్చు వేయించింది. ఆపరేటర్లు ఏం ఫిర్యాదు చేసినా సూపర్‌వైజర్ 'కారణం' గడిలో అదే రాసేవాడు. సోల్డరింగ్ పొగకి కళ్లు మండిపోతున్నాయని డొలోరెస్ అనే ఆపరేటర్ రెండేళ్లలో పదకొండుసార్లు చెప్పుకుంది. పదకొండు ఫారాల్లోనూ పొగ లేదు, భాషే ఉంది.

మెక్సికో నుంచి వచ్చిన ఈ ఆడవాళ్లకి ఇంగ్లీషు నేర్పితే ఫిర్యాదులు వాటంతటవే పోతాయని పర్సనెల్ మేనేజర్ పికెట్ తేల్చాడు. (ఫ్యాన్ పెడితే పొగ పోతుంది గానీ భాషా సమస్య పోదు కదా.) అలా వసుమతికి ఉద్యోగం వచ్చింది. గుంటూరు కాలేజీలో నాలుగేళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషిని ఇక్కడ రెండేళ్లుగా పలకరించిన ఆఫీసు లేదు.

"మీ మాతృభాష స్పానిషా?" అన్నాడు పికెట్.

"కాదండీ, తెలుగు."

'దగ్గరదే' అని రాసుకున్నాడు.

మేనేజర్ల కోసం కొని, ఏ మేనేజరూ తెరవని బిజినెస్ ఇంగ్లీష్ పుస్తకాలు బీరువాలో ఉంటే అవే ఇచ్చారు. షిఫ్ట్ అయ్యాక గంట క్లాసు. కళ్లు తుడుచుకుంటూ వచ్చిన ఆడవాళ్లు 'మీ ఆందోళనను మేము అర్థం చేసుకున్నాము' అని వల్లెవేసేవాళ్లు. వసుమతిని 'మయెస్త్రా' అని పిలిచేవాళ్లు. అది విని ఆమె భర్త జగన్మోహన్ పడీ పడీ నవ్వాడు.

"ఎమ్మే చదివి మేస్త్రీవయ్యావా?"

"వాళ్ల భాషలో టీచరమ్మ అనండీ. నవ్వింది చాలు, కంచాలు పెట్టండి."

తొమ్మిదో పాఠం బేరసారాల భాష. డొలోరెస్ చెయ్యెత్తింది.

"మయెస్త్రా, ఈ 'ఇఫ్' పెడితే తర్వాత ఏం రావాలి?"

"రెండు ముక్కలుంటాయి. మీరిది చేస్తే, మేమది చేస్తాం. మొదటిది వాళ్లు చెయ్యాల్సింది, రెండోది మనం చేసేది."

డొలోరెస్ రెండు ముక్కలూ నోట్‌బుక్కులో రాసుకుంది. "ఇన్నాళ్లూ మేం రెండోదొక్కటే చేస్తున్నామన్నమాట."

సోమవారం ఉదయం ఆమె ఏడుగురిని వెంటబెట్టుకుని పికెట్ గదికి వెళ్లింది. "మిస్టర్ పికెట్, మీ ఇబ్బందులను గుర్తిస్తున్నాము. బెంచీల మీద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వస్తే పని యథాప్రకారం సాగుతుంది. రాకపోతే ప్రత్యామ్నాయాలు పరిశీలిస్తాము."

పక్కనే ఉన్న సూపర్‌వైజర్ ఫారం తీశాడు. 'కారణం' గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. వ్యాకరణంలో తప్పు దొరకలేదు. మూడురోజులు మీటింగ్ జరిగాక కంపెనీ కొత్త కారణాన్ని మంజూరు చేసింది: యాటిట్యూడ్ ప్రాబ్లమ్.

ఆ తర్వాత పికెట్ వసుమతిని పిలిచి ఒక కాయితం ముందుకు తోశాడు. "వాళ్లు అర్థం తెలియకుండా బట్టీపట్టి చెప్పారని రాశాం. సంతకం పెట్టండి. మీ ఉద్యోగానికి ఢోకా లేదు."

వసుమతి పెన్ను మూత తీసింది. అపార్ట్‌మెంట్ కిటికీ దగ్గర కూర్చుని పార్కింగ్ లాట్‌లో కార్లు చూసిన రెండేళ్లు గుర్తొచ్చాయి. మళ్లీ మూత పెట్టేసింది.

"అర్థం కానివాళ్లు 'ఇఫ్' సరైనచోట పెట్టలేరండీ. నేను చెప్పిన పాఠం నాకు తెలుసు."

మూడు వారాల్లో ఫ్యాన్లు వచ్చాయి. (కార్మికుల సంక్షేమం కోసం యాజమాన్యం తనంతట తానే ఆలోచించి పెట్టిందని నోటీసు బోర్డు చెప్పింది.) కోర్సు లక్ష్యం నెరవేరింది కాబట్టి ఇక మీ సేవలు అక్కర్లేదని వసుమతికి ఉత్తరం వచ్చింది. అందులో మూడు తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపింది.

క్లాసు మాత్రం ఆగలేదు, ఇంకో టీచర్‌ని పెట్టారు. కొత్త సిలబస్‌లో భూతకాలం ఉంది, వర్తమానకాలం ఉంది. ఆపరేటర్లకి భవిష్యత్తుతో పనిలేదని తీసేశారు.