బొబ్బిలికి కాంతి సంవత్సరాలెన్ని?

ఆకాశంలో ఒక నక్షత్రం పోయినట్టు అంతరిక్ష టెలిస్కోపు కబురు పంపగానే, విశాఖలో ఆఫీసులు మూసి అందరూ తలస్నానానికి వెళ్లడం మొదలై నాలుగేళ్లయింది. ఎవరికీ ఇబ్బంది లేదు. నక్షత్రం పోతూ పోతూ గామా కిరణాలను ఒక్కసారిగా వెదజల్లుతుంది, ఆ మెరుపు టెలిస్కోపు కంట పడుతుంది. పోయి వందల కోట్ల ఏళ్లయితేనేం, కబురు ఎప్పుడు వింటే అప్పుడే మైల కదా.

నక్షత్రాలతో మనకు చుట్టరికం ఏమిటని మొదట్లో కొందరు గొణిగారు. బంగారం పుట్టేది అలాంటి చావుల్లోనే అని శాస్త్రజ్ఞులు చెప్పారు. పుట్టింట్లో చావు జరిగితే బంగారానికి మైల, దాన్ని ఒంటిమీద పెట్టుకున్నవాళ్లకీ మైల అని పంచాంగకర్తలు తేల్చారు. ఈ ఇద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు. ఇంచుమించు రోజుకొకటి పోతుంది కనుక ఇంచుమించు రోజూ సెలవే. సెలవొస్తుందంటే మనవాళ్లు ఎవరినైనా చుట్టం చేసుకుంటారు.

ఒక బుధవారం ఉదయం, ఆ కబుర్లు అందుకునే కేంద్రంలో పనిచేసే సుభాషిణికి బొబ్బిలి నుంచి ఫోనొచ్చింది. వాళ్ల అక్క పోయింది. సాయంత్రంలోగా వెళ్తే కడసారి చూపు దక్కుతుంది. ఆమె తిన్నగా అధికారి వరాహమూర్తి గదిలోకి వెళ్లింది.

"సెలవు కావాలండీ. మా అక్క పోయింది."

"అయ్యో. ఎంత దూరం?"

"బొబ్బిలండీ."

"కాంతి సంవత్సరాల్లో చెప్పమ్మా."

"ఒక్కటి కూడా ఉండదండీ."

"పోనీ, టెలిస్కోపులో ఏమైనా కనపడిందా?"

"లేదండీ. మా బావ ఫోన్ చేశాడు."

వరాహమూర్తి మంచివాడు, నిజంగానే బాధపడ్డాడు. "దగ్గరి చావులకి మన దగ్గర రూలు లేదమ్మా. కాసేపు కూర్చో, ఏదో ఒకటి పోకపోదు. అప్పుడు అందరితో పాటు నువ్వూ వెళ్దువుగాని" అన్నాడు.

సుభాషిణి తెర ముందు కూర్చుని, ఏ నక్షత్రమైనా చస్తే బాగుండునని సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది. భోజనాల వేళ దాటింది. ఆ రోజు ఆకాశంలో అందరూ క్షేమంగా ఉన్నారు. ఎండ వాలాక ఎప్పటికో, ఒక నక్షత్రం పోయిందని గంట మోగింది. తోటివాళ్లు సంచులు సర్దుకుంటుంటే ఆమె గొల్లుమని ఏడ్చింది.

"చూడు, ఎంత పట్టింపో. మనమూ ఉన్నాం దేనికి" అనుకున్నారు వాళ్లు.

ఆమె బొబ్బిలి చేరేసరికి చితి ఆరిపోయింది.

మర్నాడు, నక్షత్రం కోసం అంతగా ఏడ్చినందుకు ఆమెకి శాలువా కప్పారు. ఆమె కప్పించుకుంది. ఇప్పుడా కేంద్రంలో ఎవరింట్లో ఎవరు పోయినా, ఎవరికీ చెప్పకుండా వచ్చి తెర ముందు కూర్చుంటారు. గంట మోగగానే ఏడుస్తారు. ఎవరి కోసమని ఎవరూ అడగరు.