కుందేలు తొడ కొలత కేసు

"నేరం చేసినవాడి నీడ చూసి, వాడి ఇంటి గడప ఎత్తెంతో చెప్పగలను!" అని కుందేళ్ల కొట్టంలో ఛాతీ విరుచుకుని ప్రకటించాడు డేగకన్ను. ఆ బిరుదు తనకు తానే ఇచ్చుకున్నది. ఎదురుగా ఉన్న మేతతొట్టి మాత్రం ఆ కంటికి ఆనలేదు. మోకాలు కొట్టుకుని, కుంటుతూనే దర్యాప్తు మొదలుపెట్టాడు. జరిగింది జరిగినట్టే చెబుతున్నాను. అబద్ధమాడాలంటే నోట్లో పళ్లయినా ఉండాలి, నాకు అవీ లేవు.

కేసు వాళ్ల అక్కది. ఆవిడ కుందేళ్లు పెంచుతుంది. బతికున్న కుందేలుకి నడుము వెడల్పూ తొడ చుట్టూ టేపుతో కొలిచి, "దీంట్లో ఇంత మాంసం" అందంటే ఇక తిరుగులేదు. మాంసం కొట్టాయన ఆ మాట మీదే సరుకు పట్టుకెళ్లేవాడు. ఈ చలికాలం ఆవిడ మణికట్టు బెణికి, టేపు కోడలి చేతికొచ్చింది. అప్పట్నుంచీ కోసి చూస్తే మాంసం తగ్గుతోంది.

"ఇవాళ సంగతి తేలకపోతే రేపట్నుంచి వేరేచోట కొనుక్కుంటానమ్మా," అంటూ కొట్టాయన గుమ్మంలోనే బైఠాయించాడు. బేరం పోతుందన్న దిగులు కన్నా మాట పోతుందన్న దిగులే ఆవిడకి ఎక్కువ.

డేగకన్ను కొట్టాయన చుట్టూ ప్రదక్షిణ చేశాడు.

"ఆఖరుసారి కత్తి ఎప్పుడు పట్టారు?"

"పొద్దున్నే. నా పనే అది కదయ్యా!"

"విన్నావా అక్కా? నేరం ఒప్పేసుకున్నాడు!"

"నోర్ముయ్యరా, అప్రాచ్యుడా."

అంతలో కోడలి చేతిలోని టేపుకి అంటుకున్న తెల్లవెంట్రుక అతని కంటపడింది. దాన్ని వెలుగుకేసి ఎత్తిపట్టాడు. కొట్టంలో నెత్తురు గడ్డకట్టే నిశ్శబ్దం! ఒక కుందేలు మాత్రం పరపరా గడ్డి నములుతోంది. సాక్ష్యం పారిపోకుండా ఆ కుందేల్ని చంకన పెట్టుకున్నాడు.

"దొంగ దొరికింది. తల నెరిసిన మనిషి. ఈ ఇంట్లోనే ఉంది!"

ఇంట్లో నెరిసిన తల ఒక్కటే. ఆ తల అక్కది.

"ఏంట్రా? నా కుందేళ్లని నేనే దోచుకున్నానా?"

"చట్టానికి అక్కాచెల్లెళ్లు లేరు," అంటూ గంభీరంగా ఒకడుగు వెనక్కి వేశాడు. కాలికి నీళ్ల బకెట్టు తగిలింది. మనిషీ కుందేలూ నిలువునా తడిసిపోయారు.

కొట్టాయన నోరు తెరిచాడు. "అమ్మా, ఇందాక బొద్దుగా ఉన్న కుందేలు ఇదేనా? ఎలకపిల్లలా అయిపోయిందేంటి?"

అక్క ఎడమచేత్తోనే టేపు లాక్కుని తడితొడకి బిగించింది. పొద్దున దీనికే కోడలు చెప్పిన కొలతకి రెండు వేళ్లు తక్కువ!

"టేపు బిగించట్లేదా అమ్మాయ్?"

"పాపం, నొప్పి పుడుతుందేమోనని బొచ్చు మీంచి వదులుగా చుట్టానత్తయ్యా."

"చలికి బొచ్చు దట్టంగా పెరుగుతుంది తల్లీ. ఇన్నాళ్లూ బొచ్చుక్కూడా మాంసం లెక్క కట్టామన్నమాట."

కొట్టాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా కత్తి మీదా అనుమానపడ్డారు! సరేలెండి, ఇకనుంచి మీరే దగ్గరుండి బిగించి కొలిపించండి. ఎప్పట్లాగే మీ మాట మీదే పట్టుకెళ్తా."

ముక్కుచివర నీళ్లు కారుతుంటే డేగకన్ను మళ్లీ ఛాతీ విరిచాడు. "నేను ముందే చెప్పలేదూ, వెంట్రుకే దొంగని!"

అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. ఒక్క బకెట్టు సంగతే నా కల్పన. అది ఎవరి కాలికీ తగల్లేదు. ఆవిడే ఎడమచేత్తో ఎత్తి తమ్ముడి నెత్తిన కుమ్మరించింది. పాపం, కుందేలు మధ్యలో అడ్డొచ్చింది.