పెంటయ్యకు వచ్చిన నోటీసు

పెదమేడూరు మున్సిపాలిటీలో ప్రమాదకర జాతుల కట్టడిని కుక్కల మీద నుంచి ఎత్తేసి యజమానుల మీద పెట్టిన మూడో వారంలో, ఉప్పు నూకరత్నం ప్రమాదకర జాతి మనిషిలా కనబడుతోందని, ఆమెను ఎందుకు ఉంచుకోవాలనుకుంటున్నదీ పది రోజుల్లో హాజరై చెప్పుకోవాలని ఆమె కుక్క పెంటయ్యకు నోటీసు వచ్చింది. బంట్రోతు అరుగు మీద కాగితం పరిచి ఇంకు ప్యాడ్ మూత తీశాడు. పెంటయ్య కుడి ముందరికాలు ప్యాడ్ మీద అద్ది, కాగితం మీద వేసి, మళ్లీ వెళ్లి నీడలో పడుకుంది.

కుక్కలకు చదువు రాదు కాబట్టి నోటీసును యజమానే చదివి వినిపించాలని నిబంధన. నూకరత్నానికి ఆ ఇబ్బంది లేదు. ఆమె బడికి వెళ్లలేదు గాని, ముప్పై ఎనిమిదేళ్లు ఏడు ఊళ్లు తిరిగి ఉప్పు అమ్మింది. ఉప్పు పొట్లాలు కట్టే పాత పేపర్ల మీద ఒక్కో అక్షరం పోల్చుకుంటూ చదువు తెచ్చుకుంది. పొట్లాం పేపరుకు ఎప్పుడూ ఏదో ఒక అంచు చిరిగి ఉండేది. చిరిగిన చోట ఏముండి ఉంటుందో ఊహించుకోవడం ఆమెకు అలవాటు. ఈ నోటీసుకు నాలుగంచులూ సరిగ్గా ఉన్నాయి. ఊహించుకోవడానికి ఏమీ మిగల్లేదు. రెండుసార్లు చదివి మడిచి డబ్బాలో పెట్టింది.

ఈ చట్టం ఊరికే పుట్టింది కాదు. కిందటేడు కౌన్సిలు ఐదు జాతుల కుక్కల్ని పొలిమేర దాటించింది. దవడ వెడల్పు, మెడ లావు టేపుతో కొలిచి ఏరేశారు. ఎవరినీ కరవనివి కూడా కొలతకు సరిపోయి వెళ్లిపోయాయి. అయినా ఆసుపత్రిలో కుక్కకాటు సూదుల దగ్గర వరుస తగ్గలేదు. అప్పుడొక కమిటీ వేశారు. కమిటీ నలభై రెండు కాట్లను పరిశీలించి, కరిచిన ప్రతి కుక్క గొలుసుకు రెండో కొసన ఒక మనిషి ఉన్నాడనీ, లేకపోతే ఉండాల్సిన చోట లేడనీ తేల్చింది. బాధ్యత యజమానిదేనని కౌన్సిలులో అందరూ ఒప్పుకున్నారు. కాని ఏ యజమాని తన కుక్కను ఎలా చూస్తున్నాడో ఇంటింటికీ వెళ్లి కనుక్కోవాలంటే సిబ్బంది చాలరు. కొలవడానికైతే టేపు చాలు. అది ఎలాగూ ఉంది. పాత ఫారాలు కూడా రెండు బీరువాల నిండా మిగిలిపోయాయి. వాటిలోనే 'కుక్క' అన్న మాట కొట్టేసి 'యజమాని' అని రాశారు. దవడ, మెడ, గొంతు, తోక అన్న గడులు అలాగే ఉంచారు. తోక గడిలో అందరికీ 'లేదు' అని రాసేవారు. ఒక్క వార్డు మెంబరుకు మాత్రం ఖాళీగా వదిలారు.

మెడ పద్నాలుగు అంగుళాలు దాటినవారు ప్రమాదకర జాతి, దాటనివారు సాధుజాతి. నూకరత్నం మెడ పదహారున్నర. ముప్పై ఎనిమిదేళ్లు నెత్తి మీద ఉప్పు గంప మోసిన మెడ అది. వీధి ఈ చివర 'ఉప్పో' అంటే ఆ చివర పెరట్లో ఉన్న మనిషికి వినబడాలి గనక దవడ కూడా కొలతకు మించే ఉంది. ఆ వారం బస్తాలు మోసే కళాసీలు, ఇటుక బట్టీ వాళ్లు, నీళ్ల బిందెలు మోసేవాళ్లు దాదాపు అందరూ ప్రమాదకర జాతిగా తేలారు. ఫ్యాను కింద కూర్చునేవాళ్లంతా సాధుజాతిగా నిలిచారు. కొలతలు ఎవరి ముఖమూ చూసి పెట్టినవి కావని కౌన్సిలు పత్రికా ప్రకటన ఇచ్చింది. అది నిజమే. వాళ్లు ముఖాలు చూడలేదు.

పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు జాతకంతో పాటు మెడ కొలత కూడా అడగడం మొదలుపెట్టారు.

నూకరత్నం పక్కిల్లు కంట్రాక్టరు విశ్వేశ్వరానిది. ఆయన మెడ పదమూడు. ఎవరితో మాట్లాడినా నాన్నా, బంగారం అనే మనిషి. ఆయన కుక్క పేరు టైగర్. మేడ మీద వాటర్ ట్యాంకు కాలికి మూరెడు గొలుసుతో కట్టి ఉంటుంది. పైన ట్యాంకు నిండా నీళ్లు, కింద దాని గిన్నె ఎండి ఉంటుంది. పొద్దుటే ఆయన వెదురు కర్ర తీసుకుని పైకి వెళ్లి, "రా నాన్నా, రా బంగారం" అని మెత్తగా పిలుస్తాడు. ఆ తర్వాత కాసేపు కర్ర చప్పుడు వినబడుతుంది. పరీక్ష రోజున టైగర్ మొదటి పిలుపుకే పొట్ట నేలకు రాసుకుంటూ వచ్చి ఆయన కాళ్ల దగ్గర ఉచ్చ పోసింది. ఇన్‌స్పెక్టరు పట్టాభి దాన్ని 'వినయం' అన్న గడిలో రాసుకున్నాడు.

పరీక్ష పెద్ద కష్టమైనదేం కాదు. యజమాని, ఏ జాతివాడైనా, మూడుసార్లు పిలవాలి. మూడింట్లో ఒక్కసారైనా కుక్క దగ్గరికి వస్తే ఆ మనిషి ఆ కుక్కదే. రాకపోతే బంధం రద్దు చేసి, కుక్కను సాధుజాతి ఇంటికి అప్పగిస్తారు. పిలిచిన గొంతు మెత్తగా ఉంటే మెడ కొలతలో మూడంగుళాల దాకా మాఫీ కూడా ఉంది. నూకరత్నం గొంతు ఒక్క పూట మెత్తబడితే సాధుజాతిలోకి వచ్చేస్తుంది. మెడకూ మెడకూ తేడా పెట్టినవాళ్లే ఆ దయ కూడా చూపించారు.

ఈ సంగతి విశ్వేశ్వరమే గోడ మీంచి చెప్పాడు. పెంటయ్య తన దగ్గరికి వచ్చినా బాగానే చూసుకుంటానని, మేడ మీద ట్యాంకుకు ఇంకో రెండు కాళ్లు ఖాళీగానే ఉన్నాయని కూడా అన్నాడు. "అయినా అంతదాకా ఎందుకమ్మా. ఆ ఒక్క పూటా మెత్తగా మాట్లాడండి. పోయేదేముంది?"

"పోయేదే ఉందండి," అంది నూకరత్నం. "నేను మెత్తగా మాట్టాడినోళ్లందరూ పోయారండి."

ఆమె వాడలో దగ్గరుంచుకోవాలనుకున్న ప్రాణాన్ని ముద్దుపేరుతో పిలవరు. పురుట్లో పిల్లలు పోతూ ఉంటే తర్వాత పుట్టినవాణ్ని పెంట మీద పడుకోబెట్టి, చేటలో తీసుకొచ్చి, పెంటయ్య అని పేరు పెడతారు. మృత్యువు ఆ పేరు విని, ఇదేదో పారేసిన సరుకు అనుకుని దాటిపోతుంది. తిట్టు ఉండేవాళ్లకి, ముద్దు పోయేవాళ్లకి. నూకరత్నం మొగుడు ఉప్పు లారీ ఎక్కిన రోజున మాత్రం నోరు జారి, "జాగర్తగా ఎల్లిరా మావా" అంది. అతను రాలేదు. ఆసుపత్రి మంచం మీద అక్క చెయ్యి పట్టుకుని, "నీకేం కాదే తల్లీ" అంది. తెల్లారేసరికి మంచం ఖాళీ. బుజ్జి, చిన్ని, బంగారం అని పేర్లు పెట్టిన మూడు కుక్కపిల్లలూ నెల తిరక్కుండా పోయాయి. నాలుగోదాన్ని పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుంది. తొమ్మిదేళ్లుగా రోజూ నోరారా తిడుతోంది. అది ఉంది.

ఆ పది రోజులూ పెంటయ్య నిద్రపోతుంటే పొట్ట కదులుతోందో లేదో లేచి చూసేది. పదోరోజు దానికి స్నానం చేయించి, ఇద్దరూ మున్సిపల్ ఆఫీసుకు వెళ్లారు.

పట్టాభి మర్యాదస్తుడు. పెంటయ్యకు కుర్చీ చూపించి, నూకరత్నాన్ని ఎదురుగా ముగ్గుతో గీసిన గీత అవతల నిలబడమన్నాడు. విశ్వేశ్వరం స్వీకరించబోయే యజమానిగా వెనక బెంచీ మీద కూర్చున్నాడు, చేతిలో కొత్త గొలుసుతో. మొదటి పిలుపు పిలవమన్నారు.

మెత్తగా పిలుద్దామనే ఆమె ఇంటి దగ్గర నిశ్చయించుకుంది. సాధుజాతి అయిపోతే కట్టడి ఉండదు, నోటికేమీ కట్టరు, ఏ కాగితమూ రాదు. గొంతు సవరించుకుని, "నాయనా పెంటయ్యా, ఇలా రా బాబూ" అంది.

పెంటయ్య చెవులు నిక్కబొడుచుకుని ఆ గొంతు ఎవరిదా అని ద్వారం వైపు చూసింది. ఎవరో కొత్తవాళ్లు వచ్చారనుకుంది. రెండోసారి, "రా తల్లీ, నా బంగారం" అన్నప్పుడు అది కుర్చీ దిగి, బల్ల కిందికి దూరి ముడుచుకుంది. ఆ మాట అంటుంటేనే నూకరత్నానికి తన కుక్కను తానే సాగనంపుతున్నట్టు తెలిసిపోయింది.

"ఆఖరిది అమ్మా," అన్నాడు పట్టాభి. "ఇప్పటిదాకా గొంతు చక్కగా ఉంది. మాఫీ రాసేశాను. ఇంక కుక్క రావడమే."

విశ్వేశ్వరం గొలుసు కొక్కెం విప్పి పట్టుకున్నాడు.

నూకరత్నం గుండెల నిండా ఊపిరి పీల్చింది. ముప్పై ఎనిమిదేళ్ల ఉప్పు గొంతు ఆఫీసు గోడలకు తగిలింది. "ఎక్కడ తగలడ్డావురా దొంగ సచ్చినోడా. నీ జిమ్మడిపోనూ, పిలుత్తుంటే చెవుల్లో సీసం పోసుకున్నావా. రారా నా పేణం తీసేవోడా."

పెంటయ్య బల్లను ఎత్తేసినంత పని చేసింది. ఇంకు బుడ్డి దొర్లింది. గీత దాటి వచ్చి రెండు కాళ్లూ ఆమె భుజాల మీద వేసి, ముఖమంతా నాకేసింది. ఆమె వీపు నిమురుతూ ఇంకా తిడుతూనే ఉంది.

పట్టాభి కాగితాలు తుడుచుకున్నాడు. "అమ్మా, మీరన్నదంతా నమోదు చెయ్యాలి. మాఫీ పోతుంది."

"రాసుకోండి బాబూ. జిమ్మడిపోను అన్నది కూడా రాయండి. అది వదిలేశారు."

ఆయన రాశాడు. బంధం ఖాయమైంది, జాతి కూడా ఖాయమైంది. కట్టడి వివరాలు పెంటయ్యకు చదివి వినిపించారు. యజమాని బయటికి వచ్చేటప్పుడు మూతికి చిక్కం ఉండాలి. కుప్ప నూర్చేటప్పుడు ఎద్దు గింజలు తినకుండా కడతారే, అలాంటిదే, తాటినారతో అల్లింది. మెడకు తాడు, తాడు కొస కుక్క నోట్లో. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా తిప్పవచ్చు. ఇంట్లో చిక్కం తియ్యవచ్చు, తలుపులు వేసుకుంటే. పెంటయ్య మళ్లీ కాలు అద్దింది. కొత్త గొలుసు మడిచి సంచీలో పెట్టుకుంటూ విశ్వేశ్వరం, అంతా మంచికే నాన్నా అన్నాడు.

ఊరు తొందరగానే అలవాటు పడింది. ఐదింటికి వీధుల్లో కుక్కలు తమ మనుషుల్ని తిప్పుకునేవి. కళాసీలు ఒకరికొకరు చిక్కాల్లోంచే కళ్లతో పలకరించుకునేవారు. నూకరత్నం ఇంటికి రాగానే తలుపేసి, చిక్కం విప్పి, ఆ గంటంతా దాచుకున్న తిట్లన్నీ పెంటయ్యను తిట్టేది. అది తోక నేలకేసి కొడుతూ వినేది. మేడ మీద టైగర్ ఆ వేళకు గొలుసు సాగినంత మేర పిట్టగోడ వైపు వచ్చి నిలబడి, ఆమె ఇంటి పెంకుల వైపు చూసేది. దాన్ని ఎవరూ ఎప్పుడూ తిట్టలేదు.

ఆర్నెల్లకు సాధుజాతి తనిఖీ వచ్చింది. పట్టాభి విశ్వేశ్వరం మేడ ఎక్కాడు. తుప్పు పట్టిన గొలుసు ఆ రోజే తెగింది. టైగర్ పట్టాభి పిక్క పట్టుకుంది. విశ్వేశ్వరం కర్రతో విడిపించి, కాఫీ ఇప్పించి, ఎంతో మెత్తగా క్షమాపణ చెప్పుకున్నాడు. పట్టాభి రక్తం కారుతున్న కాలు కుర్చీ మీద పెట్టుకుని రిజిస్టరు తెరిచాడు. ఇంటి యజమాని సాధుజాతి. సాధుజాతి ఇంట్లో కాటు పుట్టదు. పుట్టదు గనక ఇది మూలం తెలియని కాటు. మూలం తెలియని కాటును దగ్గర్లో ఉన్న ప్రమాదకర జాతి ఖాతాలో వెయ్యాలి. దగ్గర్లో అంటే గోడ అవతల.

ఆయన కుంటుకుంటూ నూకరత్నం ఇంటికి వచ్చాడు. అప్పటికి నాలుగున్నర. ఆమె ఆ కాలు చూసి ముందు కుళాయి కింద సబ్బుతో కడిగింది, శుభ్రమైన గుడ్డ చుట్టింది, ఈ రోజే సూది వేయించుకోమని చెప్పింది. పట్టాభి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏ కుక్క కరిచిందని అడగరేమమ్మా?"

"ఎందుకడగటం బాబూ. చిక్కం తాళ్లు చేత్తో పట్టుకునే వచ్చారు గదా."

"మీరంటే నాకేం కోపం లేదు."

"నాకు తెలుసు."

చిక్కం రెండు ముళ్లు బిగించాలని, ఇకమీదట అన్నం తినేటప్పుడు తప్ప ఇంట్లో కూడా తియ్యకూడదని ఆయన చెప్పాడు. ఆమె ఒక్కటే అడిగింది. "తాడు ఎవరి దగ్గరుంటాదండి?"

"పెంటయ్య దగ్గరే. అది మారదు."

"అయితే కానియ్యండి."

ఒక్క నిమిషం ఆగమని, పెంటయ్య తలను ఒళ్లోకి తీసుకుని, చెవిలో తిట్టింది. ఏడాదికి సరిపడా తిట్టింది. పట్టాభి ఆ నిమిషం గోడ వైపు తిరిగి కూర్చున్నాడు, ఏదీ రాసుకోలేదు. తర్వాత ఆమె, ఆయన కాలు వంచనక్కర్లేకుండా, తానే కింద కూర్చుని తల ముందుకు పెట్టింది. ఆయన ముడి బిగించి, నొప్పి పుడుతోందా అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

ఐదయింది. పెంటయ్య తాడు కొస నోట కరుచుకుని వీధిలోకి నడిచింది. ఎదురొచ్చినవాళ్లు అలవాటుగా పక్కకు జరిగారు. సాధుజాతి ఆడవాళ్లు ఇద్దరు, పాపం ఇన్‌స్పెక్టరు గారిని ఈవిడే అట అని చెప్పుకుంటూ వెళ్లారు. మేడ నీడ దాటుతుండగా పైనుంచి విశ్వేశ్వరం గొంతు వినబడింది. "రా టైగర్, రా నాన్నా, రా బంగారం."

నూకరత్నం ఆగిపోయింది. ఎవరిని అలా పిలుస్తారో ఆమెకు తెలుసు. తల పైకెత్తి, పదహారున్నర అంగుళాల మెడ నరాలన్నీ తేలేలా, టైగర్‌ను నోరారా ఒక్క తిట్టు తిట్టబోయింది. తాటినార కాస్త తడిసింది. మాట రాలేదు.

పైన కర్ర చప్పుడు మొదలైంది. పెంటయ్య వెనక్కి తిరిగి చూసి, తాడు ఒకసారి మెల్లగా లాగింది. ఉన్నది గంటే. ఆలస్యమైతే అది కూడా రాసుకుంటారు. ఆమె కదిలింది.