బేరమాడని యంత్రం

బేరమాడకుండా నేను చెప్పులు కూడా కొనను. మా నాన్న పెట్టిన ఎండుచేపల కొట్టు నేను మూసి, శ్రీకాకుళంలో నాలుగు కంప్యూటర్లతో సాఫ్ట్‌వేర్ ఆఫీసు తెరిచాక కూడా ఆ గుణం పోలేదు. కోడ్ రాసేది నేను, మా దగ్గర పనిచేసే ఎజ్రా. తప్పులు పట్టేది నా భార్య స్వర్ణ. ఆమె సరేననకుండా ఒక్క లైనూ గడప దాటదు.

"పది తప్పులున్నాయి బావా."

"నాలుగు సేసుకో."

"ఇయ్యేటి, బేరమాడ్డానికి కవళ్ల సేపలా? తొమ్మిది."

"ఐదు. రేపు వంట నాది."

"నీ వంట తినాలంటే పన్నెండు."

ఆరు దగ్గర తెగేది. దిద్దని నాలుగూ కొన్నవాడికి కొసరు.

ఐదేళ్లకి ఆ ఆరూ నాకు భారమయ్యాయి. 2016లో ఉపాయం దొరికింది. కోడ్ పంపగానే యంత్రమే పరీక్షించి తప్పులు రాస్తుంది. బాగుంటే పచ్చ గుర్తు, లేకుంటే ఎరుపు. ఎరుపుంటే కోడ్ కదలదు.

"ఒసే, ఇంక నువ్వు రెస్టు తీసుకో. రూల్సు మాత్రం రాసియ్యి."

"అవసరమైతే నేను దాటించే వీలుంచనా?"

"వద్దు. మనిషి సెయ్యే పడకూడదు."

స్వర్ణ కుర్చీ లాక్కుంది. మూడు వారాలు కూర్చుని రాసింది.

మొదటిరోజే నాకు నలభై ఒక్క తప్పులు. ఎజ్రా తెర చూసి గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్ పదే సెప్పేవోరు సార్. మిగతాయి మొగమాటానికి వొగ్గేసేవోరు కామోసు."

ఐస్ ఫ్యాక్టరీ గంగరాజుకి శనివారం ప్రోగ్రాం ఇవ్వాలి. లేకపోతే వేరేచోటికి పోతానన్నాడు. శుక్రవారానికి ఇంకా పంతొమ్మిది ఎర్రగానే ఉన్నాయి. ఇంటికెళ్లి వంటింట్లో ఉన్న స్వర్ణ దగ్గరికి నడిచాను.

"ఓ పది తప్పుల దగ్గర కళ్లు మూసుకోమనవే ఆ యంత్రాన్ని."

"దానికి కళ్లెక్కడివి? సెయ్యి పెట్టొద్దన్నావు, పెట్టలేదు."

"పోనీ, ఇకమీదట నువ్వే సూడు."

"సోమవారం నుంచి నాకు కుదరదు బావా. విశాఖలో కంపెనీవోళ్లు ఉద్యోగమిచ్చారు. ఈ యంత్రమే సూపించాను. ఇన్ని తప్పులు ఎలా ఊహించావమ్మా అనడిగారు. ఊహ కాదండి, మా ఆయన కోడ్ సదివానన్నాను."

"నన్నడక్కుండానా?"

"మనిషి అక్కర్లేదన్నావు కదా."

"రోజూ రైల్లో వచ్చెయ్యి."

"హాస్టల్లో ఉంటాను. ఆదివారం సర్చికి వస్తాను."

"శనాదివారాలు రా."

స్వర్ణ పెట్టె సర్దుకోవడానికి వెళ్లింది.

శనివారం పంతొమ్మిదీ నేనే దిద్దుకుని ప్రోగ్రాం పంపాను. సోమవారం ఆమెను ఆమదాలవలసలో రైలెక్కించి తిరిగొస్తుంటే గంగరాజు ఫోను.

"ఒక్క తప్పు నేదు మావా ఈసారి! స్వర్ణమ్మ దగ్గర కూకుని సూసినట్టున్నాది?"

"ఆ, సూసింది," అన్నాను.