పందొమ్మిదేళ్ళ విక్రేతకు నోటీసు

మనుషులు ఇంతవరకూ కట్టుకున్న వ్యవస్థల్లో పక్షపాతం లేనిది ఒక్కటే ఉంది. అది మా క్రెస్విల్ కౌంటీ వాహన పత్రాల కార్యాలయం. అక్కడికి వెళ్ళినవాడు ఉన్నవాడైనా, లేనివాడైనా, షెరీఫ్‌గారి బావమరిదైనా, మళ్ళీ మంగళవారం రమ్మనే అంటారు. (షెరీఫ్‌గారి బావమరిది మూడు మంగళవారాలుగా వస్తున్నాడు.)

నేను లైల్ హాకెన్‌బెర్రీని. ఇండియానాలో, ధాన్యపు గోదాముకి ఎదురుగా, నలభై ఐదేళ్ళుగా పాత కార్లు అమ్ముతున్నాను. నా జీవితం గురించి ఎవరైనా అడిగితే మార్పిళ్ళుగానే చెప్పగలను. సిగరెట్టు ఇచ్చి కాఫీ పుచ్చుకున్నాను. నడుం ఇచ్చి మూడెకరాల స్థలం పుచ్చుకున్నాను. జుట్టు ఇచ్చి మంచిపేరు తెచ్చుకున్నాను. అన్నింట్లోనూ ఎంతో కొంత నావైపే మిగిలింది. ఒక్క బేరం మాత్రం నాకు తేలలేదు. 1980లో, పందొమ్మిదేళ్ళప్పుడు, తేనెరంగు 1967 పాంటియాక్ జీటీఓ కారు ఇచ్చేసి రెండు పికప్ ట్రక్కులు తీసుకున్నాను. వాటితోనే వ్యాపారం మొదలైంది. లెక్క ప్రకారం అది లాభం. ఆ లెక్కని అప్పట్నుంచీ రోజూ సరిచూసుకుంటున్నాను.

పెద్ద ఇంజనుతో ఉరికే ఇలాంటివాటిని మావాళ్ళు కండల కార్లంటారు. (కండలన్నీ కారుకే. నడిపేవాళ్ళకి మోకాళ్ళ ఆపరేషన్లు.)

ఆ జీటీఓ చివరికి వెండెల్ క్రాట్జర్ దగ్గర తేలింది. వెండెల్ సోయా రైతు, బడినుంచీ నా స్నేహితుడు. పక్క కౌంటీలో ఎవరి కొట్టంలోనో దాన్ని చూసి, ఓ పాత ట్రాక్టరు ఇచ్చి తెచ్చుకున్నాడు. వెనకసీటు మీద సిగరెట్టు కాలిన మచ్చ చూడగానే అది నాదేనని గుర్తుపట్టాను. (ఆ మచ్చ గురించి అప్పట్లో మా నాన్నకి చెప్పిన కథకే నేటికీ కట్టుబడి ఉన్నాను.) వెండెల్‌కి ఎడమ మోకాలు మార్చబోతున్నారు, ఇక క్లచ్ తొక్కలేడు. నా దగ్గరున్న ఎర్ర 1970 షెవెల్ కారుకి గేర్లు వాటంతటవే పడతాయి, క్లచ్ లేదు. ఇద్దరం హోటల్లో చెర్రీ పై ముక్కలు ముందు పెట్టుకుని బేరానికి కూర్చున్నాం.

“నీ జీటీఓ తలుపు సరిగా పడదు,” అన్నాను.

“నీ దగ్గరున్నప్పుడూ పడేది కాదు. నీ షెవెల్‌కి మాత్రం ఆ రంగు మూడోది కదరా.”

“నీకు ఆ మోకాలు రెండోది కాబోతోంది. నేనేమన్నా అన్నానా?”

చెయ్యి కలిపాం. ఎదుటివాణ్ణి ముంచేశామన్న తృప్తితో ఎవరింటికి వాళ్ళం వెళ్ళాం. బేరం న్యాయంగా కుదిరిందనడానికి మా వృత్తిలో అంతకుమించిన గుర్తు లేదు.

మర్నాడు కార్యాలయానికి వెళ్ళాం. కౌంటర్ దగ్గర లొరీన్ ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ కుర్చీలోనే ఉంది. అందరినీ “కన్నా” అని పిలుస్తుంది. దరఖాస్తు తిప్పికొట్టే ముందు ఆ పిలుపు ఇంకాస్త మెత్తబడుతుంది.

“కార్లు మార్చుకుంటున్నాం,” అన్నాను.

“మార్పిడికి గడి లేదు కన్నా. అమ్మకం, కానుక, వారసత్వం, జప్తు. నాలుగే.”

“అందులో ఏది తేలిక?”

“వారసత్వం. మీలో ఒకరు పోతే అరగంటలో అయిపోతుంది.”

“ఎవరు పోవాలి?” అన్నాడు వెండెల్.

“ఆ ప్రశ్న ఫారంలో లేదు.”

చివరికి రెండు అమ్మకాలుగా రాయించింది, ఒక్కోటి ఒక్క డాలరుకి. షెవెల్ నాలుగు నిమిషాల్లో వెండెల్ పేరు మీదికి వెళ్ళిపోయింది. ఆ వేగం చూసైనా నేను అనుమానించాల్సింది.

తరవాత వెండెల్ జీటీఓ యాజమాన్య పత్రం తీశాడు. మడతల దగ్గర చిరిగి, టీ రంగుకి తిరిగిన కాగితం. అమ్మినవాడి గడిలో సంతకం ఉంది, తేదీ ఉంది. కొన్నవాడి గడి ఖాళీ.

మా ప్రాంతపు ఆచారం ఒకటి ఇక్కడ మనవి చేయాలి. కారు కొన్నవాడు పత్రంలో తన పేరు రాసుకోడు. రాస్తే పన్ను కట్టాలి, లొరీన్‌ని కలవాలి. అందుకని కాగితాన్ని అలాగే సొరుగులో ఉంచి, తరవాతి వాడికి అలాగే ఇస్తాడు. చట్టం దీన్ని నిషేధించింది. కాబట్టి అందరూ జాగ్రత్తగా చేస్తారు. ఈ జీటీఓ ఏడు చేతులు మారింది. ఏడుగురూ దాన్ని కొట్టంలో పెట్టి, వచ్చే వేసవికి రోడ్డెక్కిస్తామని చెప్పి, ఆ వేసవి రాకుండానే ఇంకొకరికి ఇచ్చారు. సంతకం మాత్రం 1980 నాటిదే. నాదే. (ఈ ఆచారాన్ని ఊరికి నేర్పింది నేనేనని వెండెల్ అంటాడు. నేర్పినందుకు నేనేమీ పుచ్చుకోలేదు.)

లొరీన్ కళ్ళజోడు సర్దుకుంది. “అమ్మేది లైల్ హాకెన్‌బెర్రీ. కొనేది లైల్ హాకెన్‌బెర్రీ. ఇంట్లో అంతా బాగానే ఉందా కన్నా?”

“అంటే కారు ఇప్పటికీ నాదేగా. బేరమే అక్కర్లేదు.”

“నీదెలా అవుతుంది? అమ్మినట్టు సంతకం పెట్టావుగా.”

“మరి ఎవరిది?”

“ప్రస్తుతానికి ఎవరిదీ కాదు. నీ పేరు రాయలేను. పదకొండో నిబంధన, అమ్మేవాడూ కొనేవాడూ ఒకరే కాకూడదు. వెండెల్ పేరు రాయొచ్చు, 1980 మార్చిలో నీ దగ్గరే కొన్నానని ప్రమాణం చేస్తే.”

“చెయ్యను,” అన్నాడు వెండెల్. “నేను చర్చి పెద్దని. పైగా 1980లో వీడి దగ్గర కారు కొనేంత తెలివితక్కువవాణ్ణి కాదు.” అని నావైపు తిరిగి, షెవెల్ తాళాలు జేబులో వేసుకుంటూ, “పోనీ షెవెల్ తిరిగిచ్చెయ్యనా?” అన్నాడు.

షెవెల్ పోయింది. జీటీఓ రాలేదు. అరవై నాలుగేళ్ళకి మొదటిసారి లెక్కలో నావైపు ఏమీ మిగల్లేదు.

మమ్మల్ని మేడమీదికి పంపారు. అక్కడ శ్రీ ఎల్మర్ ప్రూయిట్ ఉన్నారు. ఆయన పాత విక్రేతల గుర్తింపు విభాగానికి ఉప పరిశీలకులు. (పరిశీలకుడి పోస్టు 1994 నుంచి ఖాళీ.) ఆయన పత్రం మీది సంతకాన్నీ, నేను అప్పటికప్పుడు చేసి చూపించిన సంతకాన్నీ పక్కపక్కన పెట్టారు. పాతదాంట్లో మొదటి అక్షరం తాడు విసిరినట్టు పెద్ద ఉచ్చు తిరిగి, చివరి గీత కాగితం అంచుదాకా పరుగెత్తింది. కొత్తది గీతలు గీతలుగా ఉంది.

“ఇది మీరు కాదు,” అన్నారు.

“నేనేనండీ. చిన్నప్పుడు.”

ఆయన నా పాత లైసెన్సు వివరాలు తెప్పించారు. బరువు నూట యాభై ఐదు పౌండ్లు. జుట్టు గోధుమరంగు. ఆయన నా తలవైపు చూసి, మర్యాదకి కిటికీవైపు తిరిగారు.

“కళ్ళ రంగు కలిసింది,” అన్నారు కాసేపటికి. “అదొక్కటీ చాలదు. ఈ విక్రేతని మీరు చివరిసారి ఎప్పుడు చూశారు?”

నేను నిజంగానే ఆలోచించాను. “సరిగ్గా చెప్పలేనండీ.”

‘ఆచూకీ అస్పష్టం’ అని ఆయన రాసుకున్నారు. అలాంటప్పుడు విక్రేతకు ఆఖరి చిరునామాకి నోటీసు పంపుతారు. విక్రేత అభ్యంతరం లేదని రాసిస్తే కారు నాకిస్తారు. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే కౌంటీ వేలం వేస్తుంది. ఆఖరి చిరునామా మా నాన్న ఇల్లు. ఆ స్థలంలోనే ఇప్పుడు నా ఆఫీసు ఉంది.

గురువారం పోస్టుమాన్ వచ్చాడు. “లైల్ హాకెన్‌బెర్రీ, వయసు పందొమ్మిది. ఉన్నాడా?”

“లేడు. నేనున్నాను.”

“సరే, నువ్వే పెట్టు సంతకం.”

ఆ సాయంత్రం నోటీసు వంటింటి బల్ల మీద పెట్టాను. మా ఆవిడ డార్లీన్ రెండుసార్లు చదివింది. “వాడు ఒప్పుకోడు,” అంది.

“నీకెలా తెలుసు?”

“నీకంటే ముందు వాడితోనేగా తిరిగాను. పాత కార్లు అమ్మేవాళ్ళంటే వాడికి అస్సలు పడదు. పైగా నువ్వు కారుని గంటకి ముప్ఫై ఐదు మైళ్ళు దాటించవు. చూస్తే ఏడుస్తాడు.”

“పోనీ నువ్వు సిఫార్సు చెయ్యకూడదూ?”

“ఎక్కించుకుని తిప్పుతానంటే చేస్తాను,” అంది, నవ్వు దాచుకోకుండా.

నోటీసుతో వచ్చిన ఫారంలో రెండే ప్రశ్నలు. ‘పై వ్యక్తికి వాహనం ఇచ్చేందుకు మీకు అభ్యంతరం ఉందా?’ లేదు అని గుర్తు పెట్టాను. ‘ఆ వ్యక్తితో మీ సంబంధం?’ బంధువు అంటే విచారణ ఉంది, రెండేళ్ళు. మిత్రుడు అంటే ఇద్దరు సాక్షులు కావాలి. ఏమీ లేదు అంటే తిన్నగా వెళ్ళిపోతుంది. నేను వ్యాపారిని. మూడోదానికి గుర్తు పెట్టాను. ఆపైన పాత బిల్లు వెనక పదకొండుసార్లు సాధన చేసి, ఆ ఉచ్చునీ, ఆ పరుగెత్తే గీతనీ ఫారం మీద దించాను. పన్నెండోసారి చెయ్యి దానంతటదే వెళ్ళింది.

మంగళవారానికి ఆమోదం వచ్చింది. ఇప్పుడు ఆదివారాలు డార్లీన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నది రోడ్డు మీద తిప్పుతున్నాను. ఒకసారి నలభై కూడా దాటాను. తలుపు ఇప్పటికీ సరిగా పడదు. పత్రం కొత్తది, నా పేరు మీద, ఎక్కడా ఖాళీ గడి లేకుండా ఉంది. అడుగున శ్రీ ప్రూయిట్ సంతకం చేసి, గుండ్రటి ముద్ర వేసి, పదకొండో నిబంధన ఉల్లంఘన జరగలేదని ధ్రువీకరించారు: అమ్మినవారూ కొన్నవారూ వేర్వేరు మనుషులని విచారణలో సందేహానికి తావులేకుండా రుజువైనది.