పావుతక్కువ ఆరింటి వరం

ఆడవాళ్ళు ఐస్ హాకీలో గెలవాలంటే వాళ్ళకు సౌకర్యాలు కల్పించకూడదు!

ఈ మాట తొందరపడి అంటున్నది కాదు. ముప్పై నాలుగేళ్ళుగా, ఉత్తరపు మంచుసీమలో ఉన్న మా గ్రాన్‌సెలె ఊరి హాకీ క్లబ్బు ఈ సిద్ధాంతాన్ని నిష్ఠగా పాటిస్తోంది. ఫలితం? ఆడజట్టుకు ఏడు జాతీయ స్వర్ణాలు. సాయంత్రం ఆరింటికి వెచ్చటి గదిలోంచి మంచు మైదానంలోకి దిగే మగజట్టుకు 1974లో వచ్చిన ఒక జిల్లా కప్పు. దానికీ ఒక చెవి ఊడిపోయింది.

ఆడజట్టుకు మైదానం దొరికేది పొద్దున్న పావుతక్కువ ఆరింటికి. జనవరిలో ఆ వేళకు మా ఊరికి సూర్యుడు రావాలంటే ఇంకా మూడు నాలుగు గంటలు పడుతుంది. బయట సున్నాకు ముప్పై డిగ్రీలు కింద. కొందరు దీన్ని అన్యాయమంటారు. అన్యాయమా? ఆ చలికి చెమట పట్టదు, చెమట పట్టకపోతే స్నానాల గది అక్కర్లేదు. అందుకే కట్టించలేదు. ఎంత దూరదృష్టి!

పైగా ఇచ్చేది సగం మైదానమే. మిగతా సగాన్ని, సాయంత్రం ఆడే మగవాళ్ళ కోసం అప్పట్నుంచే యంత్రం నున్నగా దువ్వుతుంటుంది. మరి ఇరుకులో ఆడితేనే కదా ఒడుపు వచ్చేది! ఆగ్నెస్ అనే పిల్ల కాఫీ సాసరు మీద మూడు చుట్లు తిరిగి, సాసరు పగలకుండా గోలు కొట్టింది. ఆ సాసరు మా ఇంట్లోనే ఉంది, నమ్మనివాళ్ళు వచ్చి చూడవచ్చు.

బస్సు కూడా మగజట్టుకే. ఆడవాళ్ళు ఊరు దాటి ఆడాలంటే దారిఖర్చుల కోసం ఇంటింటికీ తిరిగి టాయిలెట్ పేపర్ అమ్ముకోవాలి. నలభై ఎనిమిది చుట్టల మూటను భుజానేసుకుని మూడంతస్తులు ఎక్కీ దిగీ వాళ్ళ తొడలు దేవదారు మొద్దుల్లా తయారయ్యాయి. ఇదంతా జిమ్ములో కుదిరేదా? ఊరికీ లాభమే. ఏ అటక తెరిచినా మూడు తరాలకు సరిపడా నిల్వ!

జట్టు పుట్టుకే అలాంటిది. రంపపు మిల్లు క్యాంటీన్లో వంట చేసే ఆడవాళ్ళు, మగవాళ్ళు విరగ్గొట్టి పారేసిన కర్రలకు మేకులు కొట్టుకుని, చెరువు గడ్డకట్టినచోట మొదలుపెట్టారు. తొలి మ్యాచ్‌లో ఇరవై మూడు–సున్నాతో ఓడారు. ఆ సున్నా కూడా రిఫరీ దయ.

ఇంత చక్కటి వరాన్ని వద్దనుకునే మనిషి ఉంటుందా? ఉంది. పేరు సీవ్. జట్టుకు కెప్టెను, గోలు కీపరు. పొద్దున ఆట అవగానే సైకిలెక్కి ఊరంతా ఉత్తరాలు పంచుతుంది. ఆమె బాధల్లా ఒకటే. జట్టులో ముగ్గురు ఆసుపత్రి నర్సులు. వాళ్ళకు తెల్లవారితే డ్యూటీ. వచ్చే సీజను కూడా ఇదే వేళయితే మానేస్తామని చెప్పేశారు. ముగ్గురు పోతే లీగులో పేరు నమోదుకు సరిపడా మనుషులుండరు. ఏడు స్వర్ణాల జట్టు మూతపడుతుంది.

అందుకని సీవ్ క్లబ్బు అధ్యక్షుడు బెర్తిల్ దగ్గరికి వెళ్ళింది.

“బెర్తిల్, వారానికి రెండు సాయంత్రాలు చాలు.”

“చూద్దాంలే సీవ్. పరిశీలనలో ఉంది.”

“మా అమ్మ ఆడే రోజుల్నుంచీ పరిశీలిస్తూనే ఉన్నావ్. ఇంకా కనబళ్ళేదా?”

“అబ్బ, పొద్దున్నే ఆడితే ఒంటికెంత మంచిదో తెలుసా? ఆ ఏడు స్వర్ణాలూ దాని చలవే!”

“అంత మంచిదా?”

“అంతకన్నా మంచిదేముంది చెప్పు?”

సీవ్ ఇంటికెళ్ళి ఒక ప్రతిపాదన రాసింది.

మే నెలలో వార్షిక సభ. మా సభల్లో అధ్యక్షుడు ఒక్కో అంశం చదువుతాడు, జనం “సరే” అంటారు, చెక్క సుత్తి టక్కుమంటుంది. అందరి కళ్ళూ గోడవారన ఉన్న కాఫీ మీద, దాల్చినచెక్క బన్నుల మీద. తనకూ కాఫీకీ మధ్య అడ్డొచ్చిన ఏ తీర్మానాన్నైనా ఆమోదించడం మా జాతి లక్షణం. పద్నాలుగో అంశం సీవ్ రాసిచ్చినది: “ఉదయపు ఆటలోని ఆరోగ్యాన్ని ఇకపై మగజట్టుకు కూడా వారానికి మూడు రోజులు పంచిపెట్టాలి.” సరే అన్నారు. మగజట్టు అందరికన్నా గట్టిగా అంది. టక్!

అలా ఖాళీ అయిన సాయంత్రాలు ఎవరికివ్వాలి? అది మళ్ళీ పరిశీలనలో పెట్టారు.

ఆగస్టులో ఆరోగ్యం మొదలైంది. తొలి సోమవారం ఇరవైరెండు మందిలో ఐదుగురు వచ్చారు. వాళ్ళలో ఒకడు గోలు వలలో చేపలా పడి నిద్రపోయాడు. తర్వాత ఇద్దరు. ఆపైన డాక్టరు చీటీలు వచ్చాయి. ముప్పై నాలుగేళ్ళు అంతుచిక్కని విషయం తొమ్మిది రోజుల్లో తేలిపోయింది! లీగుకు పేర్లు పంపే గడువు శుక్రవారం అనగా బుధవారం నాడు అత్యవసర సభ పెట్టారు.

బెర్తిల్ గంభీరంగా లేచాడు. “ఆ వేళప్పుడు మనిషన్నవాణ్ణి మంచు మీదికి పంపకూడదు. కండరాలకు ముప్పు, కాపురాలకు ముప్పు.”

“సరే,” అంది సభ.

“మరి మేం?” అంది సీవ్.

“మీకు అలవాటేగా!”

సీవ్ కోప్పడలేదు. “ఆ రెండు మాటలూ మినిట్స్‌లో రాయించు. రాశాక చదివి వినిపించాలి. రూలు.”

కార్యదర్శి రాశాడు. బెర్తిల్ కళ్ళజోడు దించుకుని చదివాడు. “ఆ వేళ ఏ మనిషినీ మంచు మీదికి పంపరాదు. ఆడజట్టును పంపవచ్చు.”

వెనక వరుసలో ముసలి యోర్దిస్ ఉంది. ఆడజట్టు మొదటి గోలు కీపరు, బెర్తిల్‌ను ఎత్తుకు తిప్పిన పక్కింటావిడ. “గట్టిగా చదువురా బెర్తిల్, ఇటు వినబళ్ళేదు.”

రెండోసారి చదివాడు. కాఫీ కప్పుల చప్పుడు ఆగిపోయింది.

“ఇంకోసారి నాయనా.”

మూడోసారి “మనిషినీ” దాకా వచ్చి ఆగాడు. సుత్తి ఎత్తాడు గాని, “సరే” అనేవాళ్ళు ఒక్కరూ లేరు.

“ఏ సాయంత్రాలు కావాలి?” అన్నాడు, టేబులు వైపు చూస్తూ.

“మంగళ, గురు.”

నర్సులు ముగ్గురూ ఉండిపోయారు. గురువారమే పేర్లు వెళ్ళాయి. ఊరంతా సంతోషించింది, నేను తప్ప. ఇప్పటికీ చెబుతున్నాను, సీవ్ పెద్ద పొరపాటు చేసింది. సాయంత్రం ఆరింటి మంచు మనుషుల్ని ఎంతలా చెడగొడుతుందో మగజట్టును చూసైనా తెలుసుకోవద్దూ!