ఊటగూడెం తగ్గించిన పొగ

ఆ సోమవారం పంచాయతీ సెక్రటరీ ప్రకాష్ పెట్టుకున్న పని చిన్నదే. సైకిలు మీద ఆవపల్లి వెళ్లాలి, సిగ్నల్ దొరికే చోట నిలబడి ఫోనులో ఒక ఫారం పంపాలి, హోటల్లో రెండు బజ్జీలు తిని మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. వాళ్ల ఊటగూడెంలో సిగ్నల్ లేదు. కరెంటూ లేదు. అయిదేళ్ల కిందట ఎవరో వచ్చి స్తంభాలు పాతి వెళ్లారు. తీగల ఫైలు జగదల్‌పూర్‌లో ఉందంటారు. ఈలోగా ఊరివాళ్లు ఆ స్తంభాలకు మేకల్ని కట్టేసుకుంటున్నారు.

ఫారం పేరు హిందీలో బారెడుంది. సారం మాత్రం ఇంతే. 1990 నుంచి ఇప్పటిదాకా ఊరు ఏ ఏడు ఎంత హరితగృహ వాయువు వదిలిందో, అంటే ఎంత పొగ పెట్టిందో రాయాలి. అందరికంటే ఎక్కువ తగ్గించిన ఊరికి సోలారుతో నడిచే వడ్ల మిషను బహుమతి.

ఆ మిషను మీద ప్రకాష్ కన్నెందుకు పడిందంటే, అతని మేనత్త హిడ్మే కోసం. ఊరి మహిళా సమూహానికి ఆమే అధ్యక్షురాలు. ఊటగూడెంలో వడ్లు బియ్యం కావాలంటే ఇంట్లో దంచుకోవాలి, లేదా బుట్ట నెత్తిన పెట్టుకుని రెండు వాగులు దాటి తొమ్మిది కిలోమీటర్ల అవతల ఆవపల్లి మిల్లుకు నడవాలి. హిడ్మే ముప్పై ఏళ్లుగా రెండూ చేసింది. కిందటి వానాకాలం బుట్టతో సహా వాగులో పడింది. అప్పటి నుంచి గోడ పట్టుకోకుండా లేవలేకపోతోంది.

"అల్లుడా, ఆ మిషను తెస్తే నీ పేరు చెప్పుకొని తింట. తేకుంటే గూడ నీ పేరే చెప్త" అని ఆమె పొద్దున్నే పంపింది.

ఆవపల్లిలో చెట్టు కింద నిలబడి ప్రకాష్ గళ్లు నింపాడు. ఓడలెన్ని, విమానాలెన్ని, సిమెంటు కార్ఖానాలెన్ని, మిల్లులెన్ని, బస్సులెన్ని, ఇటుక బట్టీలెన్ని, పశువులెన్ని అని అడిగారు. పశువుల దగ్గర తప్ప అంతటా సున్నా వేశాడు. ఫోను ఎర్రటి గీత చూపించి ఫారాన్ని తిప్పి కొట్టింది. జగదల్‌పూర్ ఆఫీసులో ఈ ఫారాలు చూసే సురేష్‌బాబుకు ఫోను చేశాడు. సురేష్‌బాబు తండ్రి శ్రీకాకుళం నుంచి కిరండూల్ లైనులో రైల్వే పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. కొడుక్కి ఊరు మారినా యాస మారలేదు.

"ఏటండీ సెక్రటరీ గారూ, అన్నీ సున్నాలెట్టీసారు?"

"ఉన్నదే రాసిన సార్. మాకు ఓడలెక్కడియి?"

"ఈ ఫారం ఏదో చిన్న దీవి దేశానిదండి. దేశం పేరు తీసీసి ఊళ్ల పేర్లెట్టమన్నారు పైనోళ్లు, ఎట్టీసాం. ఓడల సంగతి వొగ్గీండి. పొగ తగ్గినట్టు కనబడాల. మొదట్లోనే లేకపోతే తగ్గడవెలాగండీ?"

"మొదట్ల ఎక్కువుంటే?"

"అప్పుడు బాగా తగ్గుద్దండి" అన్నాడు సురేష్‌బాబు, చాలా సహజంగా.

1990లో ప్రకాష్ పుట్టనే లేదు. తను పుట్టని ఏడు గురించి అబద్ధం రాస్తే అది తన అబద్ధం కాదనిపించింది. ఊటగూడానికి రెండు డీజిలు మిల్లులిచ్చాడు. రోజుకు నాలుగుసార్లు తిరిగే బస్సు వేశాడు. ఆరు ఇటుక బట్టీలు పెట్టించాడు. నాలుగు వేల గేదెల్ని తోలాడు. విమానాల గడిలో ఎంతకూ సున్నా నిలవకపోతే, పోనీలే అని ఒకటి వేశాడు. ఆ తర్వాత ఏడాదికొకటి చొప్పున అన్నీ తీసేస్తూ వచ్చాడు. ఇన్నేళ్లలో ఏ నాయకుడూ చేయని అభివృద్ధిని చెట్టు కింద గంటలో చేసి, మరో గంటలో ఊడబెరికాడు. ఫారం పచ్చగా వెలిగి వెళ్లిపోయింది. ఆ రోజు బజ్జీలు నాలుగు తిన్నాడు.

పదిహేను రోజులకు ఉత్తరాలు మొదలయ్యాయి. నాలుగు వేల గేదెలు ఏ రోగంతో పోయాయని పశువుల ఆఫీసు అడిగింది. రోగం కాదు, సంతలో అమ్ముకున్నామని ప్రకాష్ రాశాడు. ఏ సంతలో అని మళ్లీ అడిగారు. మిల్లులేమయ్యాయని ఇంకో ఆఫీసు అడిగితే, పర్యావరణం కోసం ఊరే మూసేసుకుందని రాశాడు. ఆ వాక్యం అతనికే నచ్చింది. దాన్నే బస్సుకూ బట్టీలకూ వాడుకున్నాడు.

విమానానికి ఆ వాక్యం అతకలేదు. ఠాణా నుంచి పిలుపొచ్చింది. అది ఎవరిది, ఎక్కడ దిగింది, ఎవరెక్కారు అని పొద్దున నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి అడిగారు. ఈ ఊరి రోగుల్ని మంచాల మీద మోసుకెళ్లడం ముప్పై ఏళ్లుగా అందరూ చూస్తున్నారు, ఎందుకని అడిగిన వాడు లేడు. లేని విమానం గురించి మాత్రం ముగ్గురు కూర్చుని అడిగారు. దిగలేదు, పైనుంచి పోయిందని చివరికి రాయించుకుని వదిలారు. ఇంకోసారి లెక్క మారిస్తే ఇంటికి పంపేది లేదని కూడా చెప్పారు. ప్రకాష్ ఆ మాట బాగా గుర్తు పెట్టుకున్నాడు.

మార్చిలో తనిఖీ అన్నారు. సరిగ్గా ఇప్పపూలు రాలే రోజులు. చెట్ల కింద ఎండుటాకు కాలిస్తేనే నేల శుభ్రమై, రాలిన పువ్వు కంటికి కనబడుతుంది. ఊరికి ఆర్నెల్ల ఉప్పూ నూనే ఆ పువ్వు మీదే. ప్రకాష్ వచ్చి ఆకు కాల్చొద్దన్నాడు.

"కాల్చకుంటే పువ్వెట్ల ఏరాలె?" అంది హిడ్మే.

"మంట పైనుంచి ఉపగ్రహం తీసే ఫొటోల పడతది అత్తా. పొగ కనపడితే మిషను పోతది."

"పొయ్యో?"

"ఆ ఒక్కరోజు పొయ్యి గూడ వద్దు."

"ఇది ఎక్కడి మిషనురా, రాకముందే తిండి బంద్ చేసింది" అంది హిడ్మే. అయినా మిషను మీద ఆశతో ఒప్పుకుంది. ఆడవాళ్లు మూడు రోజులు వంగి చేతుల్తో ఆకులూడ్చారు. ఊడ్చిన చోట గాలికి మళ్లీ ఆకులు పడ్డాయి. సగం పువ్వు ఆకుల కిందే కుళ్లింది. హిడ్మే నడుము పూర్తిగా పట్టేసింది.

తనిఖీకి కమలేష్ అనే పెద్ద అధికారి మూడు జీపులతో వచ్చాడు. జీపులు పొగ కక్కుతూనే నిలబడ్డాయి, ఏసీ ఆపితే సారుకు పడదట. ఊరు ఆయనకు చల్లటి అంబలి పోసింది. పొగ లేని పొయ్యిల్ని, తీగల్లేని స్తంభాల్ని చూసి ఆయన కళ్లు చెమర్చాయి. ఇది ఊరు కాదు, ఆశ్రమమని హిందీలో అన్నాడు.

మొదటి బహుమతి ఊటగూడానికే వచ్చింది. హిడ్మే నడుముకు గుడ్డ బిగించుకుని, ప్రకాష్ సైకిలు మీద ఆవపల్లి చేరి, అతనితో బస్సెక్కి జగదల్‌పూర్ సభకు వెళ్లింది. వేదిక పక్కన తళతళలాడుతున్న మిషనుంది. ఆమె దాన్ని ఓసారి చేత్తో తడిమి వచ్చి కూర్చుంది.

కమలేష్ మైకు పట్టుకున్నాడు. ఊటగూడెం ఒకప్పుడు రెండు మిల్లులున్న సంపన్న గ్రామమని, ప్రకృతి కోసం వాటిని వదులుకుందని, అలాంటి త్యాగమూర్తులకు మళ్లీ మిల్లు ఇవ్వడం వాళ్లను అవమానించడమేనని చెప్పాడు. కాబట్టి మిషను రెండో బహుమతి ఊరికి వెళ్తుంది. పట్నం పక్కనున్న ఆ ఊరికి నిజంగానే పది ఇటుక బట్టీలున్నాయి, వాటిలో మూడు మూసింది. ఊటగూడెం పొగ తగ్గుదల చూపే గీత ఇంత అందంగా దిగాక మళ్లీ పైకి లేవకూడదు కనుక, కరెంటు తీగల ఫైలు కూడా రద్దు చేస్తున్నామన్నాడు. బహుమతిగా ఆ గీతనే అద్దం కట్టించి హిడ్మే చేతుల్లో పెట్టాడు.

సురేష్‌బాబు చెవిలో తెలుగులో చెప్పేదాకా ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మైకు దగ్గరికి వంగింది.

"మాకు మిల్లు ఎన్నడు లేకుండె సార్."

సురేష్‌బాబు దాన్ని హిందీలో చెప్పాడు. ఎంత వినయమో చూడండని కమలేష్ చప్పట్లు కొట్టాడు. సభంతా కొట్టింది. నిజం చెప్పడానికి ప్రకాష్ కుర్చీలోంచి సగం లేచాడు. ఠాణా గుర్తొచ్చి కూర్చున్నాడు. ఆ సగం లేవడం హిడ్మే చూసింది. ఆమెను బాధ పెట్టింది మిషను పోవడం కంటే అదే.

మర్నాడు పొద్దున వడ్ల బస్తా ప్రకాష్ గుమ్మంలో ఉంది. పక్కన హిడ్మే గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"రెండు మిల్లులు నువ్వే పెడితివి, నువ్వే మూస్తివి. ఇగ నువ్వే మొయ్యి."

అతను బస్తాను సైకిలు మీద కట్టాడు. రెండు వాగులూ దాటి ఆవపల్లి చేరేసరికి ఫోను సిగ్నల్ అందుకుని మోగింది. సురేష్‌బాబు.

"సెక్రటరీ గారూ, ఈ ఏటి ఫారం వచ్చీసిందండి. కిందటేటి కన్నా తగ్గాలట."

ఊళ్లో తగ్గించడానికి ఇంకేం మిగిలిందా అని ప్రకాష్ చెట్టు కింద నిలబడి ఆలోచించాడు. పొయ్యిలు మిగిలాయి.